పళ్ళు చూసినోళ్ళు

నాపరాళ్ళపల్లె పశువుల ఆసుపత్రికి డాక్టర్లు వస్తుంటారు, బదిలీ అయి పోతుంటారు. రత్నమణి మాత్రం ఉంటుంది. పేరుకు అటెండరే గానీ ఆ గేటులోపల ఆమె మాటే చెల్లుబాటు. గేటు పక్కన కొళాయి, కొళాయి కింద నాపరాయి, రాయి మీద కొబ్బరిచిప్పలో ఎర్రసబ్బు. పశువును తోలుకొచ్చినవాడు ఎవడైనా సరే, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకోనిదే గేటు దాటి బయటికి పోకూడదు. కూలోడైనా రెడ్డైనా ఒకటే లెక్క. వేళ్ళు తడిపి జారుకుందామని చూసినవాణ్ణి వెనక్కి పిలిచి మరీ కడిగించేది. ఊరు ఊరుకుంటుందా? సబ్బమ్మ అని పేరు పెట్టింది. సబ్బమ్మ కొళాయికాడికి పోయొస్తే ముసలోడు కూడా పెండ్లికొడుకు అయితాడని టీ అంగట్లో ఒకటే నవ్వులు. నవ్విన నాపచేనే పండుతుందిలే అనుకుని ఆమె ఇంకో సబ్బు తీసి చిప్పలో పెట్టేది.

ఆమెకు ఇంకో నియమం కూడా ఉండేది. అవి పార్టీల రోజులు. తొంభై నాలుగు ఎన్నికలకు ముందొచ్చిన ఎండాకాలం. ఆ సీమలో పార్టీ అంటే జెండా ఒక్కటే కాదు. ఏ బస్సెక్కాలో, ఎవరింట్లో నీళ్ళు తాగాలో, ఎవరి చావుకు పోకూడదో చెప్పేది కూడా పార్టీయే. పెద్దోళ్ళ ఎద్దు ఆసుపత్రికి వస్తే వెంట జీపు, జీపులో మనుషులు, మనుషుల చేతిలో గోనెసంచి వచ్చేవి. ఒకసారి ఎవడో మహానుభావుడు ఆ సంచిని తీసుకొచ్చి, పశువుల్ని నిలబెట్టే ఇనుప బోనుకు తగిలించి, తాపీగా బీడీ ముట్టించాడు. బోనులో ఉన్నది తన్నే ఎద్దు. సంచిలో ఉన్నవి నాటుబాంబులు. రత్నమణి అరవలేదు. ఎద్దు మెడ నిమురుతూనే, "అన్నా, ఎద్దు నన్ను తంతే నాకొక కాలు ఇరుగుతాది. నీ సంచిని తంతే ఈడ ఎవురికీ కాళ్ళుండవు. తీస్కపోయి జీపులో పెట్టుకో" అంది. ఆనాటి నుంచి సంచులు గేటు బయటే.

సబ్బు పిచ్చి ఆమెకు ఊరికే పట్టలేదు. ఎనిమిదేళ్ళ కిందట ఆ ఉద్యోగం ఆమె మొగుడు ఆనందయ్యది. మంచి గొంతు మనిషి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. ఒకనాడు జమ్మలమడుగు పక్క పల్లె నుంచి పద్మావతమ్మగారి బర్రె వచ్చింది. మేత ముట్టదు, నోటి నుంచి సొంగ, అరుపు బొంగురుపోయింది. ఆ అరుపు ఆసుపత్రి వెనకున్న ఇంట్లో రత్నమణికి కూడా వినబడింది. గొంతులో ఏదో ఇరుక్కుంది, తియ్యమన్నారు. ఆనందయ్య భుజం దాకా చెయ్యి పెట్టి వెతికాడు. ఏమీ దొరకలేదు. చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. మోచేతి కింద చిన్న గీత పడింది, అంతే. బర్రె మూడోనాడు చచ్చింది. దాన్ని పిచ్చికుక్క కరిచిందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. చెబితే మిగతా బర్రెల పాలు ఎవరూ పోయించుకోరని నోరు మూసుకున్నారు.

రెండున్నర నెలలకు ఆనందయ్య చెంబులో నీళ్ళు చూసి వణికిపోయాడు. ఆ నాలుగు రోజుల సంగతి రత్నమణి ఎవరికీ చెప్పదు కాబట్టి మనమూ వదిలేద్దాం. ప్రొద్దుటూరు పెద్దాసుపత్రిలో ఖమర్‌బీ అని ఒక నర్సు, ఆనాడు ఆమె భుజం మీద చెయ్యి వేసి, వెంటనే సబ్బు పెట్టి కడిగి, సూదులు వేయించి ఉంటే బతికేవాడమ్మా అంది. ఓదార్పుకు అన్న మాటే, కానీ అది రత్నమణి గుండెలో మేకులాగా దిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆమెకు తెలిసినంతగా ఆ జిల్లాలో ఎవరికీ తెలియదు. మొగుడి ఉద్యోగం ఆమెకిచ్చారు. చేరిన మొదటిరోజే సబ్బు కొనుక్కొచ్చింది.

ఇక ఆ పొద్దు సంగతి.

నాగసుబ్బారెడ్డి ఆ ఊరికి పెద్ద, ఆ పక్క పది పల్లెల్లో ఒక పార్టీకి నాయకుడు. అవతలి పార్టీ పద్మావతమ్మ ఇంటివాళ్ళది. ఆమె మొగుడు కడప జైల్లో ఉంటే, ఆమె, తమ్ముడు ఓబులరెడ్డి కలిసి వ్యవహారం చూస్తున్నారు. రెండిళ్ళకూ భూముల దగ్గర పోటీ, ఓట్ల దగ్గర పోటీ, బండలాగుడు ఎద్దుల దగ్గర అంతకంటే పెద్ద పోటీ. నాలుగు రోజుల కిందట పులివెందుల పక్కన తిరణాలలో నాగసుబ్బారెడ్డి జత మొదటి బహుమానం కొట్టింది. ఆ జతలో పెద్దదైన, బూడిదరంగు మైల ఎద్దు ఇప్పుడు ట్రాక్టరు ట్రాలీలో ఆసుపత్రికి వస్తోంది.

ట్రాక్టరు ఇంకా మలుపు తిరగకముందే ఎద్దు అరుపు వినబడింది. సూదులు ఉడకబెడుతున్న రత్నమణి చెయ్యి ఆగిపోయింది. ఆ బొంగురు గొంతును ఎనిమిదేళ్ళుగా ఆమె మర్చిపోలేదు.

ట్రాలీని బోను పక్కగా ఆపించి, వెనకే వచ్చిన జీపులోంచి రెడ్డి దిగాడు. ఎద్దుల్ని ఇరవై ఏళ్ళుగా మేపుతున్న నారాయణ దాని ముక్కుతాడు పట్టుకుని నిలబడ్డాడు. ఎద్దు నోటి నుంచి సొంగ తాళ్ళు తాళ్ళుగా కారుతోంది. రెడ్డి కొత్త డాక్టరు షరీఫ్‌తో, గొంతులో మామిడి టెంక ఇరుక్కున్నట్టుంది, పొద్దున నారాయణా చెయ్యి పెట్టి చూశాడు, తానూ పెట్టి చూశాడు, అందలేదు, నీ చెయ్యి సన్నంగా ఉండాది నువ్వు చూడు అన్నాడు. కమలాపురం పిల్లవాడు షరీఫ్. ఇదే మొదటి ఉద్యోగం, చేరి ఆరు నెలలు. ఆసుపత్రికి ఒకే ఒక జత రబ్బరు తొడుగులు ఉండేవి. వాడితే చిరుగుతాయి, చిరిగితే మళ్ళీ ఇవ్వరు అని పాత డాక్టరు వాటిని బీరువాలో పెట్టి తాళం వేసి, రిజిస్టరులో భద్రంగా ఉన్నవని రాసిపోయాడు. నిజంగానే భద్రంగా ఉన్నాయి. షరీఫ్ చొక్కా చెయ్యి పైకి మడిచి, ఎద్దు నోటి దగ్గరికి పోయాడు.

రత్నమణి ఆయన మణికట్టు పట్టుకుంది.

అటెండరు డాక్టరు చెయ్యి పట్టుకోవడం, అదీ రెడ్డి ముందర! జీపులో ఉన్నవాళ్ళు మెడలు చాచి చూశారు. ఆమె వదల్లేదు. "వద్దు సార్. ఆ అరుపు వినండి. దానికి గొంతులో ఏమీ లేదు, గొంతే పడిపోయింది" అంది మెల్లగా.

షరీఫ్ విన్నాడు. చదువుకున్నదంతా ఒక్కసారి గుర్తొచ్చినట్టుంది, రెండడుగులు వెనక్కి వేశాడు. ఈ ఎద్దు దగ్గరికి ఎప్పుడైనా కుక్క వచ్చిందా అని నారాయణను అడిగాడు. నారాయణ ఆలోచించి, నెలన్నర కిందట ఒక ఊరకుక్క గడ్డివామి పక్కకు వచ్చి ఎద్దు ముట్టె మీద గీరిపోయిందని, పసుపు అద్దానని చెప్పాడు. డాక్టరు ముఖం చూస్తేనే మిగతాది తెలిసిపోయింది.

ఆ తర్వాత పావుగంట సేపు నాపరాళ్ళపల్లె ఎప్పుడూ చూడని వింత చూసింది. పది పల్లెల్ని గడగడలాడించే నాగసుబ్బారెడ్డి కొళాయి కింద చేతులు పెట్టి, బడిపిల్లోడిలాగా సబ్బు రుద్దుకుంటున్నాడు. ఆయన వేలి వెనక చిన్న గాటు, నారాయణ ముంజేతి మీద ఎద్దు పళ్ళు గీరిన పొడుగాటి గీత. ఇంతా చేసి, నారాయణ తన గాయం సంగతి పట్టించుకోకుండా రెడ్డికి కొళాయి తిప్పుతూ నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళ అలవాటు. రత్నమణి అతన్ని భుజం పట్టి పక్కకు లాగి, బోను దగ్గరున్న రెండో కొళాయి కింద చెయ్యి పెట్టించింది. సున్నం పూయొద్దు, కారం చల్లొద్దు, గుడ్డ కట్టొద్దు, నురగ పట్టించి కడగడమే అంది. ఇంకా ఎంతసేపు అని రెడ్డి రెండుసార్లు విసుక్కున్నాడు. గోడ గడియారంలో పెద్దముల్లు పావు దూరం పోవాలని ఆమె రెండుసార్లూ ఒకటే జవాబు చెప్పింది.

చేతులు కడగడంతో అయిపోలేదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, దినానికొకటి, ఒక్కరోజు కూడా తప్పకూడదు, ప్రొద్దుటూరు పెద్దాసుపత్రిలో వేస్తారు అని షరీఫ్ చెప్పాడు. ఎద్దు మూడు రోజులకు మించి బతకదని, దాని దగ్గరికి ఎవరూ పోకూడదని కూడా చెప్పాడు. అప్పుడే రత్నమణికి ఒక సంగతి తట్టింది.

బండలాగుడు పందేల్లో ఎద్దుల్ని పళ్ళను బట్టి విడదీస్తారు. రెండు పళ్ళ జతలు వేరు, నాలుగు పళ్ళవి వేరు, ఆరు పళ్ళవి వేరు. ఆరు పళ్ళ ఎద్దును నాలుగు పళ్ళ వాటితో కట్టి బహుమానం కొట్టేయాలని చూసే ఘనులు ఉంటారు కాబట్టి, పందెం ముందు అవతలివాళ్ళు నోరు తెరిపించి, వేలు పెట్టి పళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. అది ఆచారం, ఎవరూ కాదనకూడదు. తిరణాలలో ఈ ఎద్దు పళ్ళ మీద పెద్ద గొడవ జరిగిందని ఊరంతా చెప్పుకుంది.

ఆ పళ్ళు చూసిందెవరని రత్నమణి అడిగింది. నారాయణ వేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు. అవతలి పార్టీవాళ్ళు అయిదుగురు. పద్మావతమ్మ తమ్ముడు ఓబులరెడ్డి నమ్మకం లేక రెండుసార్లు చూశాడు.

నాగసుబ్బారెడ్డి తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ ఆగాడు. కాసేపటికి ఆయన ముఖం విచ్చుకుంది. మనుషుల్ని గేటు బయటికి పొమ్మని, నారాయణను ట్రాలీ దగ్గరే వదిలేసి, డాక్టరును, ఆమెను దగ్గరికి పిలిచాడు. ఎద్దు కడుపుబ్బి చచ్చిందని రాసుకోమన్నాడు. కమలాపురం నుంచి వచ్చే దోవ శానా పొడుగు గదా డాక్టరూ, బస్సులో జాగర్తగా వస్తాండావా అని ఎంతో ప్రేమగా అడిగాడు. షరీఫ్ తల దించుకున్నాడు. తర్వాత రెడ్డి రత్నమణి వైపు తిరిగాడు.

"ఈ మాట గేటు దాటకూడదమ్మే. కత్తి ఎత్తే పనిల్యాకుండా ఆ అయిదుమందీ వాళ్ళంతట వాళ్ళే పోతారు. నీ మొగుణ్ణి తిన్నది వాళ్ళ బర్రే గదా? వాళ్ళు నోరు మూసుకున్న్యారు, నీ కొంప కూలింది. ఇప్పుడు నువ్వు నోరు మూసుకో, చాలు. నీ దేవుడే తీర్పు తీరుస్తాండాడనుకో."

అబద్ధమెందుకు, ఆ మాట ఆమెకు ఒక్క క్షణం తియ్యగానే తగిలింది. ఎనిమిదేళ్ళుగా ఆ ఇంటి పేరు వింటేనే ఆమెకు నోరు చేదయ్యేది. పద్మావతమ్మ తమ్ముడు చెంబు చూసి వణకడం కళ్ళముందు కదిలింది. కదిలిన మరుక్షణం ఆ ముఖం ఓబులరెడ్డిది కాకుండా ఆనందయ్యది అయిపోయింది. ఆమె ఏమీ మాట్లాడలేదు. ఒప్పుకుందనుకుని రెడ్డి జీపెక్కాడు.

ఆయన తన సంగతి చూసుకోవడంలో ఆలస్యం చేసే రకం కాదు. సాయంత్రానికే రెండు జీపుల్లో బెంగుళూరు పోయి, అక్కడే ఉండి సూదులు వేయించుకుంటాడట. మరి నారాయణ? అతను ప్రొద్దుటూరు ఆసుపత్రిలో కనబడితే గుట్టు బయటపడుతుంది కాబట్టి, వేముల పక్కన ఎవరో పసరుమందు పోస్తారు, పోయి తాగమన్నాడు. నారాయణ సరేనని తలూపాడు. ఇరవై ఏళ్ళుగా ఊపుతున్న తలే కదా. ట్రాక్టరు ఎక్కబోతుంటే రత్నమణి అతని చెవి దగ్గరికి పోయి, "పసరు తాగినా మానినా నీ ఇష్టం నారాయణన్నా. రేపు పొద్దున ఏడున్నర బస్సుకు మాత్రం రా. నేనుంటా" అంది.

వాళ్ళు పోయాక షరీఫ్ కుర్చీలో కూలబడి, కడపకు జాబు రాస్తానన్నాడు. జాబు పోయేదెప్పుడు, వాళ్ళు వచ్చేదెప్పుడు, అప్పటికి ఎవరుంటారు సార్ అంది ఆమె. ఆ పిల్లవాడు సిగ్గుపడ్డాడు. చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, చివరికి పెద్దాసుపత్రి డాక్టరు పేరున ఒక కాగితం రాశాడు: ఈ ఎద్దుకు పిచ్చికుక్క రోగమని తాను నిర్ధారించానని, దాని నోట్లో చేతులు పెట్టినవాళ్ళకు సూదులు వేయవలసిందని. ఎంతమంది అన్నచోట ఖాళీ వదిలి, కింద పూర్తి పేరు సంతకం చేసి ఆమెకిచ్చాడు. సంతకం స్పష్టంగా ఉంది.

రెండింటి బస్సుకు రత్నమణి పద్మావతమ్మ ఊరికి పోయింది.

ఆ ఇంటి ముందు నలుగురు మనుషులు ఆమె సంచి వెతికారు. సంచిలో కాగితం, ఒక ఎర్రసబ్బు దొరికాయి. సబ్బును విరిచి కూడా చూశారు, పాపం. పద్మావతమ్మ నాపరాళ్ళ వసారాలో కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి, తెల్లచీర కాదు గానీ రంగు పోయిన చీర. పక్కనే స్తంభానికి ఆనుకుని ఓబులరెడ్డి. రత్నమణి నిలబడే జరిగిందంతా చెప్పింది. ఎద్దు సంగతి, పళ్ళ సంగతి, పద్నాలుగు సూదుల సంగతి. రెడ్డి ఏమన్నాడో కూడా దాచలేదు.

ఓబులరెడ్డి పెద్దగా నవ్వి, ఆ సూదులేవో ఎద్దులకే వేసుకోపొమ్మన్నాడు. పద్మావతమ్మ నవ్వలేదు. ఆమె అడిగిన ప్రశ్న వేరు.

"నాగసుబ్బారెడ్డి పంపినాడా నిన్ను? ఒకే దోవన మూడు దినాలు నడిచినోడు నాలుగో దినం ఇంటికి రాడని మాకు ఎవురూ నేర్పాల్సిన పనిల్యా. పద్నాలుగు దినాలు, ఒకే యాల, ఒకే తావు. మా మనుషుల్ని వరసన నిలబెట్టి చూపిచ్చమంటాండావు. అంతేనా?"

న్యాయమైన అనుమానమే. ఆ రోజుల్లో అట్లా అనుమానించనివాళ్ళు ఎక్కువకాలం ఉండలేదు కూడా.  ప్రమాణం చేస్తే నమ్మరు, ఏడిస్తే అసలే నమ్మరు. రత్నమణి వసారా అంచున కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు.

"అమ్మా, మీ బర్రెను కుక్క కరిసిందని మీకు తెలుసు. మా ఆయన దాని నోట్లో చెయ్యి పెట్టినప్పుడు మీ మనిషి పక్కనే నిలబడుకోని ఉన్న్యాడు. ఒక్క మాట చెప్పింటే ఆయన ఈ పొద్దు ఉండేటోడు. ఆ పొద్దు మీరు చెప్పలా. ఈ పొద్దు నేను చెప్తాండా. దినామూ వరసలో అందరికంటే ముందర నేను నిలబడతా. బాంబు పడితే ముందు నా మీదే పడతాది. ఇంగ మీ ఇష్టం."

 పద్మావతమ్మ కాదనలేదు, తెలియదనలేదు.  ఆనాడు కడిగి ఉంటే నిజంగా బతికేవాడా అని అడిగింది. ప్రొద్దుటూరు నర్సు అట్లే చెప్పిందని రత్నమణి చెప్పింది. పద్మావతమ్మ కళ్ళు తుడుచుకోలేదు. కారిన నీళ్ళు అట్లాగే ఆరిపోనిచ్చింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, ముందు ఆయమ్మ సబ్బు తీసుకుని చేతులు కడుక్కోపో, రేపు పొద్దున నువ్వూ ఆ నలుగురూ ప్రొద్దుటూరు పోతున్నారు అంది. నాలుగు రోజులు ఆలస్యమైంది కదా, కడిగితే ఏం లాభమని ఓబులరెడ్డి గొణిగాడు. ఆలస్యమైనా కడగాల్సిందేనని రత్నమణి పక్కనే నిలబడి కడిగించింది.

ఆమె బయలుదేరుతుంటే పద్మావతమ్మ తానే లేచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. రత్నమణి చెంబు వైపు చూసింది. "ఇప్పుడు వద్దమ్మా. పద్నాలుగో దినం తాగుతా" అని చెప్పి బస్సుకు నడిచింది.

మర్నాడు ఏడున్నర బస్సుకు నారాయణ తల మీద తువ్వాలు కప్పుకుని వచ్చాడు. పసరు తాగలేదు, వేముల దాకా పోయి గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చాడట. అక్కడ వరసలో ముందున్న మనిషి నీళ్ళు తాగలేక అవస్థ పడుతున్నాడని, అది చూశాక తాగబుద్ధి కాలేదని చెప్పాడు. ప్రొద్దుటూరు పెద్దాసుపత్రిలో బెంచీ మీద అవతలి పార్టీవాళ్ళు అయిదుగురు ముందే కూర్చుని ఉన్నారు. వాళ్ళను చూసి నారాయణ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. వాళ్ళ చేతులు నడుముల మీదికి పోయాయి. రత్నమణి మధ్యలో నిలబడి డాక్టరు కాగితం తీసి, ఖాళీ ఉన్నచోట ఆరు అని రాసి లోపలికిచ్చింది.

ఖమర్‌బీకి అప్పటికి జుట్టు నెరిసింది, కోపం మాత్రం నెరవలేదు. చొక్కాలెత్తండని కేక వేసింది. ఎవరూ ఎత్తరు. ఎత్తితే నడుముకు ఏముందో కనబడుతుంది కదా. "నడుంకు ఇనుము కట్టుకోనుంటే నేను సూది యాడ పొడవాల? బయట పెట్టి రాపోండి" అని ఆమె సూది పట్టుకుని నిలబడింది. పిడిబాకులు జీపులోకి పోయాయి. ఆరు పొట్టలు వరసగా బయటపడ్డాయి. నల్లవి, బానల్లాంటివి, పాత గాట్లున్నవి. పొట్ట మీద ఏ పార్టీదో రాసి ఉండదు. ఖమర్‌బీ ఒకే మాటతో అందర్నీ తిట్టి, అందరికీ సూది వేసింది.

మూడు రోజులు ఆ ఆరుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. బహుమానం కొట్టిన మైల ఎద్దు అప్పటికే చచ్చింది. షరీఫ్ దగ్గరుండి లోతుగా గొయ్యి తీయించి, సున్నం పోయించి పూడ్పించాడు. నాలుగో రోజు ఓబులరెడ్డి పొట్ట వాచి మూలుగుతుంటే, నారాయణ ఉండబట్టలేక తడిగుడ్డ వేసుకోమన్నాడు. ఆరో రోజు ఓబులరెడ్డి అతని పక్కకు జరిగి, ఎద్దు చచ్చిందిలే, ఇంగ నిజం చెప్పు, నాలుగు పండ్లా ఆరా అని అడిగాడు. నారాయణ అటూ ఇటూ చూసి, ఆరు అన్నాడు. నేను చెప్పలా అని ఓబులరెడ్డి ఆసుపత్రి అదిరేట్టు నవ్వాడు, నవ్వితే సూది పోటు తగిలి మళ్ళీ మూలిగాడు. ఆ పళ్ళ అబద్ధమే లేకపోతే తాను రెండుసార్లు వేలు పెట్టేవాడే కాదని ఆ తర్వాత తట్టింది అతనికి. అప్పుడు మాత్రం నవ్వలేదు.

రత్నమణి రోజూ వరస ముందర నిలబడింది. రోజూ భయపడింది కూడా. ఎవరైనా మోటారుసైకిలు ఆపితే తల తిప్పి చూసేది. ఏమీ జరగలేదు. పద్నాలుగో రోజు పద్మావతమ్మ తానే జీపులో వచ్చింది, ఇంటి నుంచి తెచ్చిన చెంబుతో. రత్నమణి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆ నీళ్ళన్నీ తాగింది. ఇద్దరూ ఆనందయ్య పేరెత్తలేదు.

రెండు రోజులకు నాగసుబ్బారెడ్డి బెంగుళూరు నుంచి తిరిగొచ్చాడు. జరిగిందంతా దోవలోనే చెవిన పడింది. జీపు నేరుగా పశువుల ఆసుపత్రి ముందర ఆగింది.

సంచి జీపులోనే ఉండిపోయింది, అలవాటుగా. రెడ్డి ఒక్కడే లోపలికొచ్చాడు. బోనులో ఆయన జతలో మిగిలిన రెండో ఎద్దు నిలబడి ఉంది. దానికి టీకా వేయించడానికి నారాయణ తోలుకొచ్చాడు. రెడ్డి దాని మూపు మీద చెయ్యి వేసి నిమిరాడు. షరీఫ్ కుర్చీలోంచి లేచి వచ్చి రత్నమణి పక్కన నిలబడ్డాడు. 

"నా మాట దాటితివి. నా శత్రువుల్ని బతికిస్తివి" అన్నాడు రెడ్డి. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచనప్పుడే భయపడాలని ఊళ్ళో అందరికీ తెలుసు.

 నిజం చెప్పాలంటే ఈ రోజు వస్తుందని తెలిసి పదహారు రోజులుగా రత్నమణి ఒక జవాబు తయారుచేసుకుంటూనే ఉంది, ఇప్పుడది గుర్తు రాలేదు. ఆమె బదులు నారాయణ ఎద్దు పక్క నుంచి ముందుకొచ్చాడు. ఏమీ అనకుండా బనీను పైకెత్తాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు మచ్చలు, కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి. రెడ్డి వాటి వైపు చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన చెయ్యి, ఆయనకు తెలియకుండానే, తెల్లచొక్కా మీద నుంచి తన పొట్ట తడుముకుంది. ఆ చొక్కా కింద కూడా అవే మచ్చలు, అన్నే.

"మాట గేటు దాటకూడదంటివి రెడ్డీ" అన్నాడు నారాయణ. కోపం లేదు ఆ గొంతులో, ఎద్దుకు నీళ్ళు పెట్టానని చెప్పినట్టే చెప్పాడు. "దాటకపోయింటే, వాళ్ళ కంటే ముందు పొయ్యేటోణ్ణి నేనే గదా."

   ఆ అయిదుగుర్ని లెక్కపెట్టుకుని మురిసిపోయిన పొద్దు, ఈ ఒక్కణ్ణి లెక్కలోకే తీసుకోలేదని రెడ్డికి అప్పుడు తెలిసింది. సిగ్గుతో ముఖం కందిపోయింది. అట్లాంటి ముఖం ఆయనకు ఉంటుందని ఎవరూ అనుకోలేదు. వెనక్కి తిరిగి గేటు వైపు నడిచాడు.

"అన్నా, ఎద్దును ముట్టుకున్న్యావు. చేతులు" అంది రత్నమణి. ఆమెకు వచ్చిన మాట అదొక్కటే.

ఆయన ఆగాడు. కొళాయి దగ్గరికి పోయి చేతులు చాపి నిలబడ్డాడు, ఎప్పటిలాగే. నారాయణ ఎద్దు పక్కనే ఉన్నాడు, కదల్లేదు. కొళాయి తిప్పడానికి ఎవరూ రాలేదు. కాసేపు చూసి, నాగసుబ్బారెడ్డి తానే వంగి తిప్పుకున్నాడు. చిప్పలోంచి సబ్బు తీసుకుని మోచేతుల దాకా రుద్దుకోవడం మొదలుపెట్టాడు. రత్నమణి గోడ గడియారం వైపు చూసింది.